పల్లె పట్టికలో లేని గడి

జనగణన శాఖ వెలువరించే గ్రామ పట్టికను తెరిచి చూడండి. ఇళ్లెన్ని, ఆడా మగా ఎందరు, ఆరేళ్ల వరకు వయసున్న పిల్లలెందరు, చదువుకున్నవారెందరు, ఎస్సీ ఎస్టీలెందరు, సేద్యం చేసేవారెందరు, కూలీలెందరు - అన్నీ ఉంటాయి. మతానికి మాత్రం గడి లేదు. 2011లో ఆ వివరాలు మండల స్థాయి వరకే ప్రకటితమయ్యాయి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆనాడు ముస్లింలు 9.56 శాతం. ఉత్తరాంధ్ర జిల్లాల్లో ఆ వాటా బాగా తక్కువ. ఇక్కడి పల్లెల్లో మనవాళ్లవి ఎక్కడో నాలుగిళ్లు, ఇంకెక్కడో పదిళ్లు. భూమి ఉన్నవారు అరుదు. దూది ఏకడం, పరుపులు కుట్టడం, గాజులమ్మడం వంటి పాత వృత్తులు నానాటికీ చితికిపోయాయి. బతుకుదెరువు విశాఖ దారి పట్టింది. 1933లో మొదలైన ఓడరేవు, 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణత్యాగంతో సాధించుకున్న ఉక్కు కర్మాగారం ఎన్నో పల్లెలకు అన్నం పెట్టాయి. ఆ కర్మాగారం కోసమే ఎన్నో ఊళ్లు ఖాళీ అయ్యాయన్నదీ మరువరాదు. నూరు శాతం వాటాల విక్రయానికి 2021 జనవరిలో కేంద్రం ఆమోదం తెలిపిన నాటి నుంచి ఆ నీడన బతికే కుటుంబాలకు నిద్ర కరువైంది. పని పోయిన కాంట్రాక్టు కూలీ ఊరికి తిరిగి వస్తే, అక్కడ అతనికి పొలమూ లేదు, పాత వృత్తీ లేదు.

లెక్కలు లేకపోతే ఏమవుతుందో మనకు అనుభవమే. 2007 చట్టం బీసీ-ఇ వర్గాలకు 4 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు దానిని కొట్టివేస్తూ వెనుకబాటును నిర్ధారించిన సర్వే పద్ధతినే తప్పుపట్టింది. సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు వల్ల అది నేటికీ నిలిచి ఉంది. సచార్ కమిటీ 2006లోనే జాతీయ సమాచార నిధి ఉండాలని సూచించింది. లెక్క తేలని పేదరికానికి న్యాయస్థానంలోనూ, బడ్జెట్‌లోనూ చోటు దొరకదు.

2027 జనగణనలో కులం కూడా నమోదు కానున్నది. ఈ అవకాశం చేజారితే మళ్లీ ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. ఎన్యూమరేటర్ అడిగినప్పుడు చాలామంది “ముస్లిం” అని ఊరుకుంటారు. దూదేకుల, ఫకీరు, అత్తరు సాయిబు - ఏ వర్గమైతే ఆ వర్గాన్ని స్పష్టంగా చెప్పాలి. ఇంట్లో కుట్టుపని చేసే తల్లిని, చెల్లిని “ఖాళీగానే ఉంటుంది” అని రాయించరాదు, అదీ సంపాదనే. ఇంట్లో మాట్లాడేది ఉర్దూ అయితే ఉర్దూ అనే రాయించాలి.

పేరు చెబితే ఏ ముప్పు వస్తుందోనన్న భయం మనలో ఉంది. ఆ భయం ఊరికే పుట్టలేదని ఎరుగుదుము. అయినా 1948 జనగణన చట్టం 15వ సెక్షన్ వ్యక్తుల వివరాలను గోప్యంగా ఉంచాలంటున్నది, సాక్ష్యంగా వాడరాదంటున్నది. ఈ హామీకి కట్టుబడతామని ప్రభుత్వం పల్లెపల్లెనా చాటాలి. గ్రామస్థాయిలో మతాలవారీ ఉపాధి వివరాలను, వ్యక్తుల గుర్తింపు బయటపడకుండా, వెలువరించాలని కోరుతున్నాము.

మసీదు కమిటీలు, యువజన సంఘాలు ఇప్పటి నుంచే ఇంటింటికీ వెళ్లి ఈ నాలుగు మాటలు చెప్పాలి. మసీదు లేని ఊళ్లకు ముందుగా వెళ్లాలి. ఆ నాలుగిళ్లవారికి ఈ మాట చేరవేసేవారు మనం తప్ప మరొకరు లేరు.