చదవేస్తే పోయేది మతి కాదు, వినే ఓపిక



‘చదవేస్తే ఉన్న మతి పోయింది’ అనే సామెత మిషిగన్‌లోని మా నోవై తెలుగు ఇళ్లలోనూ తరచూ వినిపిస్తుంది. ఆ మాట అన్నవాళ్లే మరుక్షణం పిల్లల్ని ఎస్ఏటీ కోచింగుకు దింపడానికి బయల్దేరతారు. డిగ్రీల మీద మోజు, డిగ్రీల మీద వెటకారం రెండూ ఒకే ఇంట్లో కాపురం చేస్తున్నాయి. చదువు ఒక వైపు, వివేకం మరో వైపు అని మనం గీసుకున్న గీతే దీనికి కారణం. నా దృష్టిలో వివేకమంటే, తనకు తెలిసింది ఎక్కడితో ఆగిపోతుందో గుర్తించడం, తన నిర్ణయం ఎవరి మీద పడుతుందో వాళ్ల మాట చెవిన పెట్టడం. బడి దాన్ని ఇవ్వకపోవచ్చు. అలాగని బడి మానేసినంత మాత్రాన అది వచ్చి చేరదు.

ఇక్కడికి కారులో గంట దూరం కూడా లేని ఫ్లింట్ నగరాన్నే తీసుకోండి. 2014 ఏప్రిల్‌లో ఖర్చు తగ్గించుకోవడానికి డెట్రాయిట్ నుంచి వచ్చే నీటిని ఆపి, ఫ్లింట్ నది నీటిని కుళాయిల్లోకి వదిలారు. పైపులు తినేయకుండా నీటిలో కలపాల్సిన మందు కలపలేదు. పాత పైపుల్లోని సీసం తాగునీటిలోకి దిగింది. జనం రంగు మారిన నీళ్లు సీసాల్లో పట్టి సమావేశాలకు తెచ్చి చూపించారు. అదే ఏడాది అక్టోబరులో, ఇంజిన్ భాగాలు తుప్పు పడుతున్నాయని జనరల్ మోటార్స్ తన ప్లాంటుకు ఆ నీళ్లు వద్దనుకుంది. ఇనుముకు పనికిరాని నీళ్లు పిల్లలు తాగడానికి మాత్రం పనికొస్తాయని అధికారులు ఇంకో ఏడాది దాకా చెబుతూనే వచ్చారు. అలా చెప్పినవాళ్లు చదువురానివాళ్లు కారు. పైపుల గురించి, రసాయనాల గురించి చదివి పట్టాలు పుచ్చుకున్నవాళ్లు వాళ్లలో ఉన్నారు.

అయితే నిజం బయటపెట్టింది కూడా చదువుకున్నవాళ్లే కదా అని అడగవచ్చు. నిజమే. వర్జీనియా టెక్ ప్రొఫెసర్ మార్క్ ఎడ్వర్డ్స్ బృందం నీటిలో సీసాన్ని కొలిచింది. పిల్లల డాక్టర్ మోనా హన్నా-అటీషా 2015 సెప్టెంబరులో పిల్లల రక్తపరీక్షల లెక్కలు బయటపెట్టింది. మొదట కొట్టిపారేసిన అధికారులు చివరికి ఒప్పుకోక తప్పలేదు. అక్టోబరులో మళ్లీ డెట్రాయిట్ నీళ్లు వచ్చాయి. జనం గోడు ఒక్కటే ఉంటే అది ఫిర్యాదుగానే మిగిలిపోయేది, లెక్కలు తోడయ్యాకే సాక్ష్యమైంది. రెండు వైపులా చదువు ఉంది. తేడా అల్లా, ఒకరు సీసాలో నీళ్లను చూశారు, ఇంకొకరు తమ ఫైలునే చూశారు.

చదువు లేనివాళ్లకే అసలు తెలివి ఉంటుందనేవాళ్లు చింతకింది మల్లేశం పేరు చెబుతారు. చిన్నప్పుడే బడి మానేసిన ఈ ఆలేరు ప్రాంతపు చేనేత కార్మికుడు, చీరకు దాదాపు 9 వేల సార్లు చెయ్యి ఆడిస్తూ ఆసు పోసే తల్లి భుజం నొప్పి చూడలేక, ఏళ్ల తరబడి తంటాలు పడి 1999లో ఆసు యంత్రం తయారుచేశాడు. 2017లో పద్మశ్రీ అందుకున్నాడు. అతన్ని గెలిపించింది బడి మానడం కాదు, ఆ భుజాన్ని గమనించడం, యంత్రం మొరాయించిన ప్రతిసారీ మళ్లీ విప్పి చూడడం. మా డెట్రాయిట్ ప్రాంతపు హెన్రీ ఫోర్డ్ చదువూ పల్లె బడితోనే సరి. 1919లో మౌంట్ క్లెమెన్స్ కోర్టులో ఒక కేసు విచారణలో లాయర్లు అమెరికా చరిత్ర అడిగితే ఆయన తడబడ్డాడు, పత్రికలు నవ్వాయి. ఆ ప్రశ్నలకు జవాబులు తెలియకపోవడం పెద్ద లోపమేమీ కాదు. కానీ మరుసటి ఏడాది నుంచే తన సొంత పత్రికలో యూదుల మీద విషం కక్కించి, 1927లో గానీ క్షమాపణ చెప్పలేదు. కార్ల విషయంలో అంత చురుకైన బుర్రకు, తనకు తెలియని సంగతుల్లో ఆగి అడగాలనిపించలేదు. వినే ఓపికను చదువే కాదు, డబ్బూ పదవీ కూడా మింగేస్తాయి.

మార్కులు లేకపోతే మంచి కాలేజీలో సీటెలా వస్తుందని తల్లిదండ్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కోచింగులు మానమని నేననడం లేదు, వాటితో పని అయిపోయిందనుకోవద్దంటున్నాను. మిషిగన్ చట్టం ప్రకారం సిటీ కౌన్సిల్, స్కూల్ బోర్డు సమావేశాల్లో ఎవరైనా లేచి మాట్లాడవచ్చు. పిల్లల్ని అక్కడికి తీసుకెళ్తే, పట్టా ఉన్నవాళ్లను లేనివాళ్లు నిలదీయడం, జవాబు చెప్పేవాళ్లు నీళ్లు నమలడం కళ్లారా చూస్తారు. మన సంఘాలు కూడా వేదికెక్కించి శాలువా కప్పేటప్పుడు ఎన్ని మార్కులని అడగడంతో ఆగకుండా, ‘నువ్వు చేసినదాంట్లో తప్పు ఎవరు చూపించారు, నువ్వేం మార్చుకున్నావు?’ అని అడగాలి. దీనికి తడుముకోకుండా జవాబు చెప్పగలిగిన పిల్లవాడికి, జీపీఏ కాస్త తగ్గినా, మొదటి బహుమతి ఇవ్వాలని నా సూచన.

ఇట్లు,
ఒక పాఠకుడు,
నోవై, మిషిగన్