కిటికీలోంచి సముద్రం

కిందటి ఆదివారం మా బావగారు అంకులి వచ్చారు. కాఫీ గ్లాసు కింద పెట్టకముందే సంచీలోంచి రంగుల పుస్తకం ఒకటి తీసి నా ఒళ్ళో పడేశారు. సముద్రపుటొడ్డున పన్నెండంతస్తుల మేడ. అందులో వాటాలు అమ్ముతారట.

"రిటైరైన డబ్బులో సగం అడ్వాన్సు కట్టేద్దామనుకుంటున్నానోయ్. కిటికీ తీస్తే సముద్రమే!" అన్నారు.

"కిటికీ తియ్యకుండానే అది లోపలికి వస్తేనో, బావగారూ?" అన్నాను. అక్కయ్య నవ్వింది గాని ఆయన నవ్వలేదు.

గంజాం తెలుగువాళ్ళకు సముద్రం కొత్తదా? గోపాలపురం రేవులో ఓడెక్కి రంగూను వెళ్ళిన పెద్దలు మనలో ఎన్ని ఇళ్ళలో లేరు! 2013 అక్టోబరు 12 రాత్రి పైలిన్ తుపాను ఆ గోపాలపురం దగ్గరే తీరం దాటింది. ఋషికుల్య మొగ దగ్గర పోడంపేట అని మన తెలుగు మత్స్యకారుల ఊరుండేది. సముద్రం ఏటేటా ఒడ్డు కోసుకుంటూ వచ్చి ఇళ్ళకు ఇళ్ళే మింగేస్తే, జనం లోపలికి తరలిపోవలసి వచ్చింది. అలల పోకడ పుట్టుకతో ఎరిగినవాళ్ళ గతే అది.

"అవి పల్లె ఇళ్ళోయ్, ఇది కాంక్రీటు. పైగా పంచాయతీ అనుమతి ఉంది" అన్నారు బావగారు.

అప్పుడు మరడు సంగతి చెప్పాను. కేరళలో కొచ్చి పక్కన, ఉప్పునీటి కాయళ్ళ మధ్య ఉన్న ఊరది. నీటి ఒడ్డున నాలుగు ఖరీదైన మేడలు లేచాయి. 2006లో పంచాయతీయే అనుమతులిచ్చింది. జనం డబ్బు పోసి కొన్నారు, కాపురాలు పెట్టారు. తీరప్రాంత నిబంధనలకు విరుద్ధమని 2019 మే 8న సుప్రీంకోర్టు తేల్చింది. 2020 జనవరి 11, 12 తేదీల్లో మందుగుండు పెట్టి నాలుగింటినీ కూల్చేశారు. మూడువందలకు పైగా వాటాలు క్షణాల్లో మట్టికుప్పలయ్యాయి. కొన్నవాళ్ళకు తాత్కాలిక పరిహారం 25 లక్షల చొప్పున ఇమ్మంది కోర్టు. కానీ సామాను సర్దుకుని వీధిన పడిన ఆ రోజులకు పరిహారమెవరిస్తారు?

గుమాస్తాగిరీలో నేను నేర్చుకున్నదొకటే: ముద్ర ఉన్న కాయితం వేరు, ముద్ర వెయ్యగల అధికారం వేరు. సముద్రం పోటు ఎంతదాకా వస్తుందో అక్కడ ప్రభుత్వం ఒక గీత గీయిస్తుంది. 1991 నిబంధనల నుంచీ, పట్నాలు కాని చోట ఆ గీతకు 200 మీటర్ల లోపల కొత్త మేడలు కూడవు. 2019లో జనం దట్టంగా ఉన్న పల్లెలకు షరతుల మీద దాన్ని 50 మీటర్లకు తగ్గించారు. కాబట్టి అడ్వాన్సుకు ముందు అడగవలసినవి మూడు: ఆ గీత ఎక్కడుంది? మన స్థలం దానికెంత దూరం? రాష్ట్ర తీర నిర్వహణ సంస్థ ఒప్పుకున్న అసలు కాయితం ఏదీ? పంచాయతీ రసీదు వీటికి జవాబు కాదు.

బావగారు పుస్తకం మడిచి సంచీలో పెట్టుకున్నారు. "మాపు చూశాకే డబ్బు" అన్నారు చివరికి.

గ్లాసులు తీస్తూ అక్కయ్య అంది: "సముద్రం చూడ్డానికి గోపాలపురం బస్సు టిక్కెట్టు చాలదుటండీ? సాయంత్రానికి ఇంటికొచ్చి పడుకోవచ్చు."