బీసెంట్ రోడ్డు బతకాలంటే

దసరా వచ్చినా, సంక్రాంతి వచ్చినా బెజవాడ బీసెంట్ రోడ్డులో ఇప్పుడు ఒకటే మాట: చూసేవాళ్లు వస్తున్నారు, కొనేవాళ్లు రావడం లేదు. చీర విప్పించి చూస్తారు. చెప్పు తొడిగి నాలుగడుగులు వేసి చూస్తారు. మిక్సీ ఎన్ని వాట్లో, గ్యారంటీ ఎన్నేళ్లో అడుగుతారు. సెల్‌ఫోన్‌తో ఫొటో కొట్టుకుంటారు. మళ్లీ వస్తామని చెప్పి వెళ్లిపోతారు. రెండు రోజుల తర్వాత అదే సరుకు అట్టపెట్టెలో వాళ్లింటి గుమ్మం ఎక్కుతుంది. విప్పి చూపించిన గుమాస్తాకు మిగిలేది మడత పెట్టుకునే పని.

ఇది ఒక్క బీసెంట్ రోడ్డు గోడు కాదు. వన్‌టౌన్ వస్త్రలతలో టోకు వ్యాపారిని అడగండి, గుడివాడలో ఫ్యాన్లు అమ్మేవాణ్ణి అడగండి, బందరులో చెప్పుల కొట్టు అడగండి, తెనాలిలో సెల్‌ఫోన్ల షాపు అడగండి. మాట మారదు.

మా మాట ముందే చెప్పేస్తాం. ధర దగ్గర ఈ కంపెనీలతో కుస్తీకి దిగే దుకాణం ఓడిపోతుంది. ధర ముందు ఏం చేయగలమని చేతులెత్తేసే దుకాణమూ ఓడిపోతుంది. బతికే దారి ఇంకొకటి ఉంది. కాకపోతే అది ఒక్కడు నడిచే దారి కాదు.

ఈ చౌక ఎక్కడిది?

ఆన్‌లైన్‌లో సరుకు చౌక కావడానికి కొంత న్యాయమైన కారణం ఉంది. మెయిన్ రోడ్డు మీద అద్దె లేదు. ఊరూరా సరుకు నిల్వ పెట్టక్కర్లేదు. లక్షల్లో కొంటారు కాబట్టి తయారీదారు దగ్గర బేరం కుదురుతుంది. దీన్ని తప్పు పట్టలేం. అసలు సంగతి ఆ మిగతా చౌకలో ఉంది.

2018 మేలో అమెరికా వాల్‌మార్ట్ మన ఫ్లిప్‌కార్టులో 77 శాతం వాటాను 1,600 కోట్ల డాలర్లు పోసి కొంటామని ప్రకటించింది. అంత సొమ్ము పోసినవాడు ఈ ఏడాది లాభం కోసం తొందరపడడు. మార్కెట్ చేతికి వచ్చేదాకా నష్టానికైనా అమ్మగలడు. 2024 ఆగస్టులో కేంద్ర వాణిజ్య మంత్రి పీయూష్ గోయల్ ఢిల్లీ సభలో అమెజాన్ నష్టాల సంగతి స్వయంగా ఎత్తారు. ఇంత నష్టానికి అమ్మడం పోటీదారుణ్ణి దెబ్బ తీసే ఎత్తులా లేదా అని అడిగారు. ఆ వెంటనే తాము ఈ-కామర్స్‌కు వ్యతిరేకం కాదని సర్దిచెప్పారనుకోండి. అయినా మంత్రి నోటే ఆ మాట వచ్చిందంటే కొట్టువాడి అనుమానం ఉత్తది కాదన్నమాట.

చట్టం లేదా అంటే ఉంది. విదేశీ పెట్టుబడి ఉన్న ఈ-కామర్స్ కంపెనీ సంత నడపవచ్చు గానీ ఆ సంతలో తానే అంగడి పెట్టకూడదు. అంటే అమ్మేవాళ్లనూ కొనేవాళ్లనూ కలపాలే తప్ప తన సరుకు తాను అమ్మకూడదు. 2016లో ఈ నియమం స్పష్టంగా రాశారు. 2018 డిసెంబరులో ఇంకా బిగించి 2019 ఫిబ్రవరి 1 నుంచి అమల్లో పెట్టారు. ధరలను ఇటూ అటూ చేయకూడదు. సరుకు మా దగ్గరే అమ్మాలని షరతు పెట్టకూడదు. ఒక అమ్మకందారు తన కొనుగోళ్లలో 25 శాతానికి మించి ఆ కంపెనీ దగ్గరో, దాని అనుబంధ సంస్థల దగ్గరో కొంటే అది కంపెనీ సొంత సరుకు కిందే లెక్క.

కాగితం మీద ఇంతకంటే ఏం కావాలి? మరి అమలు సంగతి చూద్దాం. కొందరు అమ్మకందారులకే పెద్దపీట వేస్తున్నారని, కొత్త సెల్‌ఫోన్లు ఆన్‌లైన్‌లో మాత్రమే విడుదల చేయిస్తున్నారని ఢిల్లీ వ్యాపార్ మహాసంఘ్ ఫిర్యాదు చేసింది. దాని మీద కాంపిటిషన్ కమిషన్ 2020 జనవరిలో అమెజాన్, ఫ్లిప్‌కార్టుల మీద దర్యాప్తుకు ఆదేశించింది. కంపెనీలు కర్ణాటక హైకోర్టుకు ఎక్కాయి. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2021 ఆగస్టులో అక్కడా దర్యాప్తు ఆపడానికి ఒప్పుకోలేదు. ఉల్లంఘనలు జరిగాయని దర్యాప్తు నివేదిక తేల్చినట్టు 2024లో రాయిటర్స్ వార్త బయటపెట్టింది. తప్పు చేయలేదన్నది కంపెనీల వాదన. ఎవరి వాదన ఏదైనా, దర్యాప్తు ఆదేశానికీ నివేదికకూ మధ్య నాలుగేళ్లకు పైగా గడిచింది. బీసెంట్ రోడ్డులో అద్దె మాత్రం నెలనెలా ఒకటో తేదీనే కట్టాలి.

సూరత్ పార్శిల్ ఏ దారిన వస్తోంది?

వన్‌టౌన్ సంగతి వేరుగా చెప్పుకోవాలి. సూరత్ చీర ఇదివరకు లారీలో బెజవాడ చేరేది. హమాలీ బేలు దించేవాడు. వస్త్రలత వ్యాపారి విప్పి రకాలు వేరు చేసేవాడు. కైకలూరు, అవనిగడ్డ, ఉయ్యూరు చిల్లర వర్తకుడు వచ్చి నెల అరువు మీద పట్టుకెళ్లేవాడు. పల్లెలో ఆయన మళ్లీ పంటల మీద వాయిదా పెట్టి అమ్మేవాడు. ఒక్క చీర మీద ఆరేడు చేతులు బతికేవి. ఇప్పుడు మీషో లాంటి యాప్‌లో నొక్కితే సూరత్ నుంచి పార్శిల్ తిన్నగా నాగాయలంక చేరుతోంది. మధ్యలో బెజవాడ తగలడం లేదు.

పన్ను మన రాష్ట్రానికే వస్తోంది కదా అని కొందరు అంటున్నారు. నిజమే. జీఎస్టీలో సరుకు ఎక్కడ వాడితే రాష్ట్ర వాటా అక్కడికే చేరుతుంది. ఖజానాకు లోటు లేదు. లోటు ఊరికి. గుమాస్తా జీతం, హమాలీ కూలి, కొట్టు అద్దె, వర్తకుడి లాభం, ఆ లాభంలోంచి గుడికీ బడికీ వెళ్లే చందా, ఇవేవీ ఏ పన్ను లెక్కలోనూ కనిపించవు. డెల్టా పంట మీద వచ్చిన రూపాయి డెల్టాలో నాలుగు చేతులు మారడం మానేసింది. ఆ బదులుగా వచ్చింది ఏమిటి? మన పిల్లల చేతికి ఒక సంచి, ఒక బైకు, పార్శిల్‌కు ఇంత అని లెక్క. పెట్రోలు వాడిదే, దెబ్బ తగిలితే ఒళ్లూ వాడిదే.

కొనేవాడు ద్రోహి కాదు

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఆన్‌లైన్‌లో కొన్నవాణ్ణి ఊరి ద్రోహి అనడం మాకు సమ్మతం కాదు. వంద రూపాయలు మిగిలితే చాలనుకునే ఇల్లాలి మీద ఊరు బతికించే బరువు మోపడం న్యాయం కాదు. లంక గ్రామంలో ఉండి పిల్లవాడి పోటీపరీక్ష పుస్తకం కోసం బస్సెక్కి బెజవాడ రావలసిన తండ్రికి ఆ అట్టపెట్టె మేలే చేసింది.

అసలు కొనేవాడు ఎందుకు పోయాడో మన కొట్లు తమను తాము అడగాలి. "అమ్మిన సరుకు వాపసు తీసుకొనబడదు" అనే బోర్డు ఎన్ని దుకాణాల్లో వేలాడుతోంది? తెలిసినవాడికి ఒక ధర, తెలియనివాడికి ఒక ధర చెప్పడం ఎంతమందికి అలవాటు? బిల్లు అడిగితే మొహం మాడ్చుకునేవాళ్లు లేరా? అదే యాప్‌లో ధర కళ్లెదుట ఉంది, నచ్చకపోతే వెనక్కి పంపే వీలుంది. మనిషి ధర కోసమే పోలేదు, మర్యాద కోసం కూడా పోయాడు. 1999లో మొదలైన రైతుబజార్లను చూడండి. వంకాయ ధర కూడా పొద్దున్నే బోర్డు మీద రాసిపెడతారు. కూరగాయలకు సాధ్యమైంది కుక్కర్లకు ఎందుకు సాధ్యం కాదు?

అందుకే మొదటి పని ఖర్చు లేనిది. ఆ వాపసు బోర్డు పీకేయండి. వారం రోజుల్లో బిల్లుతో తెస్తే మార్చి ఇస్తామని రాయండి. ప్రతి సరుకు మీదా ధర చీటీ అంటించండి. ముఖం చూసి ధర చెప్పే రోజులు పోయాయి.

ఒక్కొక్కరుగా కాదు, కలిసి

రెండో పని కొనుగోలు. ఒక కిరాణా కొట్టువాడు రెండు పెట్టెలు సబ్బులు కొంటే డిస్ట్రిబ్యూటర్ ఇచ్చే ధర ఒకటి. నూరు కొట్లు కలిసి ఒకే ఆర్డరు పెడితే వచ్చే ధర ఇంకొకటి. సహకారం కృష్ణా తీరానికి కొత్త విద్య కాదు. పాడి రైతులు కూడి నడుపుకునే కృష్ణా మిల్క్ యూనియన్ మన కళ్లముందే ఉంది. చెంబుడు పాలు పోసే మనిషి యూనియన్ కట్టగలిగినప్పుడు కొట్టువాడు ఎందుకు కట్టలేడు? ప్రభుత్వ పెత్తనం లేకుండా సభ్యులే నడుపుకునే సంఘాల కోసం 1995లోనే మన దగ్గర పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వచ్చింది. గొల్లపూడి టోకు మార్కెట్లో గోదాముకూ కరువు లేదు, సరుకు తెలిసినవాళ్లకూ కరువు లేదు. పేటకో సంఘం పెట్టుకుని సరుకు కలిసి కొంటే ధరలో తేడా పూర్తిగా పోదు గానీ సగమైనా తగ్గుతుంది. తక్కిన సగానికి జనం మనవైపు నిలబడే కారణాలు మనం చూపించాలి.

ఆ కారణాలు ఉన్నాయి. ఫ్యాను అమ్మితే బిగించి ఇవ్వాలి. మిక్సీ అమ్మితే జారు పగిలినప్పుడు మార్చి ఇవ్వాలి. చీర అమ్మితే ఫాల్ కుట్టించి, పికో చేయించి సాయంత్రానికి అందించాలి. మన ఆటోనగర్‌ను చూడండి. లారీ బాడీ కట్టించుకోవాలనుకునేవాడు ఎక్కడెక్కడి నుంచో బెజవాడే వస్తాడు. సరుకుకు చేతిపని తోడైన చోట యాప్ పని చేయదు. చేతిపని వదిలేసి పెట్టె అందించడమే వ్యాపారం అనుకున్న చోట మాత్రం పెట్టె అందించడంలో మనకంటే ఘనుడు వచ్చేశాడు.

మూడోది ఫోను. వాట్సాప్‌లో చీటీ తీసుకోవడం ప్రతి కొట్టువాడికీ తెలుసు. ఇంటికి చేర్చడమే కష్టం. ఒక్కో కొట్టుకూ ఒక్కో కుర్రాణ్ణి పెట్టుకునే తాహతు లేదు. వీధిలో ఇరవై కొట్లు కలిసి నలుగురు కుర్రాళ్లను నెల జీతం మీద పెట్టుకోవచ్చు కదా?

ఇక మీరూ ఆన్‌లైన్‌లో అమ్మండి అనే సలహా ఊరికే దొరుకుతోంది. అమ్మవచ్చు, కానీ లెక్క చూసుకుని అమ్మాలి. చాలా చోట్ల కమీషను, రవాణా, ప్రకటన ఖర్చు, వెనక్కి వచ్చిన సరుకు నష్టం అన్నీ పోగా మిగిలేది ఎంత? అన్నిటికంటే ముఖ్యం, కొన్నవాడి పేరూ ఫోను నంబరూ ఎవరి దగ్గర ఉంటాయి? కంపెనీ దగ్గర. ఇరవై ఏళ్లు సంపాదించుకున్న ఖాతాదారుణ్ణి తీసుకెళ్లి ఇంకొకడి కొట్లో కూర్చోబెట్టడం వ్యాపారం కాదు.

మన సరుకు మనం నిలబెట్టుకోవాలి

పెడన కలంకారీకి, కొండపల్లి బొమ్మకు భౌగోళిక గుర్తింపు ఉంది. కరక్కాయ నీళ్లలో నానబెట్టి, చెక్క అచ్చుతో చేత్తో అద్ది, పారే నీళ్లలో జాడించిన గుడ్డ ఒకటి. మిషను మీద గంటకు వందల మీటర్లు అచ్చు కొట్టిన గుడ్డ ఇంకొకటి. తెరమీద ఫొటోలో రెండూ ఒకలాగే ఉంటాయి. ధర మాత్రం మిషనుదే తక్కువ. తేడా చేత్తో పట్టుకుంటేనే తెలుస్తుంది. ఆ చేతికి అందించగలిగేది దుకాణమే. తెల్లపొణికి కర్ర బొమ్మ బరువెంతో, చిలకలపూడి రోల్డుగోల్డు గొలుసు మెరుపేమిటో చెప్పి అమ్మగలిగేది ఇక్కడివాడే. మరి బెజవాడ బస్టాండు నుంచి బీసెంట్ రోడ్డు దాకా ఎన్ని కొట్లలో ఈ సరుకు ముందు వరసలో కనిపిస్తోంది? గుర్తింపు కాగితం బీరువాలో పెట్టుకుంటే అన్నం పెట్టదు.

ఏలినవారు చేయవలసింది

ప్రభుత్వాన్ని రాయితీలు అడగమని మేం చెప్పడం లేదు. ఉన్న నియమం అమలు చేయమని అడగాలి. కంపెనీ ఏ రూపంలో తగ్గింపు భరిస్తోందో ఏటా బయటపెట్టమని అడగాలి. బ్యాంకు కార్డు మీద పది శాతం తగ్గింపు ఆన్‌లైన్‌లో ఇచ్చి, అదే కార్డు బీసెంట్ రోడ్డులో గీకితే ఎందుకు ఇవ్వరని నిలదీయాలి. ఆ బ్యాంకుల్లో డిపాజిట్లు మనవి కావా? ఇక నగరపాలక సంస్థను అడగవలసినవి చిన్నవే: బండి పెట్టుకునే చోటు, ఆడవాళ్లకు శుభ్రమైన మరుగుదొడ్డి, నిలబడితే నీడ. ఇవి లేని బజారుకు రమ్మని ఎవరిని పిలుస్తాం?

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు పేటలు మునిగాయి. ఇళ్లతో పాటు వీధి కొట్లూ మునిగాయి, బస్తాలు కుళ్లాయి. ఆ కొట్లను నడిపేవాళ్లు కంపెనీల లెక్కల్లోని అంకెలు కారు. నీళ్లు వస్తే ఊరితో పాటు మునిగేవాళ్లు, నీళ్లు తీస్తే ఊరితో పాటు లేచేవాళ్లు. జీతం రాని నెలలో ఖాతా రాసుకుని బియ్యం ఇచ్చేది వాళ్లే. ఆ ఖాతా పుస్తకం మూతపడితే పేదవాడికి అప్పు పుట్టే చోటు వడ్డీ యాప్ ఒక్కటే మిగులుతుంది.

కాబట్టి వర్తక సోదరులారా, వచ్చే పండగ అమ్మకాల దాకా ఆగకండి. ఈ వారమే మీ వీధిలో పదిమంది కూర్చోండి. కలిసి కొనే సరుకు ఏది, కలిసి పెట్టుకునే కుర్రాళ్లు ఎవరు, పీకేయవలసిన బోర్డులు ఏవి, ఈ మూడూ తేల్చుకోండి. తరువాత ఢిల్లీకి అర్జీ పెడదాం, కలెక్టరాఫీసు ముందు కూర్చుందాం, కలసి వస్తాం. ఒంటరి కొట్టు ఇచ్చిన అర్జీ చెత్తబుట్టలోకి పోతుంది. సంఘం కట్టిన వీధి అడిగితే జవాబు చెప్పక తప్పదు.