బిట్ బ్యాంకు బుద్ధితో నెట్‌వర్కులు కట్టగలమా?

"ఏ పుస్తకం చదివితే సీసీఎన్‌ఏ త్వరగా పాసవుతాను?" నెట్‌వర్కింగు రంగంలో అడుగుపెట్టే మన యువకులు మొట్టమొదట అడిగే ప్రశ్న ఇదే. ఇందులోని "త్వరగా" అన్న మాటే సకల అనర్థాలకూ మూలమని నా అభియోగం. పదో తరగతి నుంచి ఎంసెట్ దాకా బిట్ బ్యాంకులు నమిలి గట్టెక్కిన వారికి వృత్తి పరీక్షకు సైతం మరొక బిట్ బ్యాంకే కావలసి రావడంలో వింత లేదు. ఈ రంగంలో దాని పేరు "డంప్స్". పేరు మారింది, జబ్బు అదే.

పరీక్షలోని ప్రశ్నలను బయటపెట్టబోనని ఒప్పుకొన్న తరువాతే అభ్యర్థి ఆ పరీక్ష రాస్తాడు. కనుక డంపు అనేది ఎవరో ఒకరు మాట తప్పితే పుట్టిన సరుకు. ఆ నీతిచర్చను కాసేపు పక్కన పెట్టి, అసలది పనికి వస్తుందా అన్నది చూద్దాం.

ఒక తీగ తెగినా పని ఆగకూడదని రెండు స్విచ్చుల మధ్య రెండో తీగ కూడా వేస్తాము. దానితో వలయం ఏర్పడుతుంది. ఈథర్నెట్ ఫ్రేములో దాని ఆయుష్షును లెక్కగట్టే అంకె ఏదీ లేదు గనుక, ఒక్క బ్రాడ్‌కాస్టు ఆ వలయంలో పడితే అంతులేకుండా తిరుగుతూ నెట్‌వర్కును స్తంభింపజేస్తుంది. దీనికి విరుగుడుగా 1985లో రేడియా పెర్ల్‌మన్ అనే విదుషి స్పానింగ్ ట్రీ పద్ధతిని కనిపెట్టారు. స్విచ్చులు తమలో ఒకదానిని "రూట్"గా ఎన్నుకొని, వలయానికి కారణమయ్యే దారులను మూసివేస్తాయి. ప్రాధాన్యపు అంకె తక్కువగా ఉన్నదే రూట్. ఎవరూ మార్చకపోతే అందరికీ ఆ అంకె 32768. అప్పుడు మ్యాక్ చిరునామా చిన్నదైన స్విచ్చు గెలుస్తుంది.

డంపు అడిగే ప్రశ్న: "ఈ నాలుగింటిలో రూట్ ఏది?" వృత్తి అడిగే ప్రశ్న: "ఏది రూట్ కావాలి?" ఈ రెండింటి మధ్య ఉన్న దూరమే నా వాదమంతా. పాత పరికరాల మ్యాక్ చిరునామాలు తరచు చిన్నవిగా ఉంటాయి. కాబట్టి ఇంజనీరు పట్టించుకోకపోతే, ఏ మూల గదిలోనో దుమ్ము పట్టిన పాత స్విచ్చు రాజ్యమేలుతుంది. రాకపోకలు దాని గుండా మళ్ళుతాయి. అది ఆసుపత్రి నెట్‌వర్కయితే రక్తపరీక్ష ఫలితం వార్డుకు చేరదు. ఆ రాత్రి నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకోమని ఎవరూ అడగరు.

మరి పుస్తకాన్ని ఎంచుకోవడం ఎలా? అట్ట మీది పరీక్ష సంఖ్యను కాక, లోపలి అధ్యాయాన్ని చూడండి. ఆదేశాలు అప్పగించే ముందు "ఎందుకు" అన్నదానికి సమాధానం చెబుతోందా? పెర్ల్‌మన్ స్వయంగా రాసిన "ఇంటర్‌కనెక్షన్స్" ఆ పని చేస్తుంది. రిచర్డ్ స్టీవెన్స్ 1994లో వెలువరించిన "టీసీపీ/ఐపీ ఇలస్ట్రేటెడ్" తీగ మీద నడిచే ప్యాకెట్లను విప్పి చూపుతుంది. ఇక డిజైనుకు, ప్రిసిల్లా ఒప్పెన్‌హైమర్ "టాప్-డౌన్ నెట్‌వర్క్ డిజైన్" ఉంది. అది రౌటరుతో మొదలుకాదు. ఈ సంస్థకు ఏమి కావాలి, దాని పరిమితులేమిటి అన్న విచారణతో మొదలవుతుంది. /26 సబ్‌నెట్‌లో పరికరాలకు ఇవ్వదగినవి 62 చిరునామాలని పరీక్షకు తెలిస్తే చాలు. అయిదేళ్ళ తరువాత ఆ అంతస్తులో ఎందరు కూర్చుంటారన్నది డిజైనరు అడగవలసిన మాట.

పరీక్ష మార్గదర్శకాలు అక్కర్లేదని నేననను. వెండెల్ ఓడమ్ పుస్తకాలు శ్రద్ధగా రాసినవి. అయితే కొనే ముందు సిస్కో ఉచితంగా ప్రకటించే పాఠ్యాంశాల పట్టికతో పోల్చి చూసుకోవాలి. 2020 ఫిబ్రవరిలో ఆ సంస్థ తన పరీక్షల వ్యవస్థను తిరగరాసింది. డిజైనుకు తొలి మెట్టయిన సీసీడీఏ అప్పుడే రద్దయింది. ఆ సంఖ్యను నమ్మి కొన్న పుస్తకాలకు కాలదోషం పట్టింది. అవసరాన్ని అడిగి గీత గీయమన్న పాఠానికి మాత్రం పట్టలేదు.

"ముందు ఉద్యోగం, తరువాత జ్ఞానం" అంటారు. అప్పు చేసి కోచింగు ఫీజు కట్టిన తండ్రి ఇంట ఎదురుచూస్తుంటే ఈ మాటను ఎగతాళి చేయలేము. కానీ ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నకు కంఠస్థం చేసిన జవాబు సరిపోవచ్చు, "అలా ఎందుకు?" అన్న రెండో ప్రశ్న దగ్గర ఆ మేడ కూలుతుంది. నేల విడిచి చేసే సాము ఎంతసేపు నిలుస్తుంది?

పుస్తకాల వెల ఎక్కువంటారా? నిజమే. కానీ ఇంటర్నెట్ నియమాలను నిర్దేశించే ఆర్‌ఎఫ్‌సీ పత్రాలు ఉచితం. ప్యాకెట్లను చూపే వైర్‌షార్క్ ఉచితం. సాధన చేసుకోవడానికి ప్యాకెట్ ట్రేసర్ కూడా ఉచితమే. పాత ముద్రణ పుస్తకం చవకగా దొరికినా మూలసూత్రాలకు లోటుండదు.

చివరగా, ఈ వృత్తిలో ఉంటూ తెలుగులో రాస్తున్న మిత్రులకు ఒక మాట. తమ్ముడో మరదలో పుస్తకం పేరు అడిగితే, చేతికందిన డంపు పీడీఎఫ్ పంపి చేతులు దులుపుకొనేది చాలావరకు మన అన్నలే, అక్కలే. జబ్బును అంటిస్తున్నది అమీర్‌పేట ఒక్కటే కాదు. ఈసారి ఎవరైనా అడిగితే ఒక మంచి పుస్తకం పేరు చెప్పండి. అందులో ఒక్క అధ్యాయాన్ని మన భాషలో విడమరచి రాయండి. రెండు తీగల మధ్య వలయం ఎందుకు పుడుతుందో తెలుగులో చెప్పడం అసాధ్యమేమీ కాదు.