అంబూ, తూటా

అమెరికాలో ఉన్న మా మేనల్లుడు రైఫిలు తూటాలు ఇంట్లోనే నింపుకోవడం మొదలెట్టాడు! కాల్చిన ఇత్తడి గుల్లను సరిచేసి, కొత్త ప్రైమరు బిగించి, మందు త్రాసులో తూచిపోసి, పైన గుండు కూర్చాలట. తూటాకూ తూటాకూ తేడా లేకపోతేనే గురి కుదురుతుందట.

ఈ మాట అరకులో ఒక ముసలాయనకు చెబితే నవ్వాడు. "మా అంబులూ అంతే బాబూ! అన్నీ ఒక్క తూకం ఉండాలి."

నాకు అల్లూరి సీతారామరాజు గుర్తొచ్చాడు. 1922 ఆగస్టు 22 నుంచి మూడు రోజుల్లో ఆయన దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల మీద పడి 26 తుపాకులు, 2500కు పైగా తూటాలు పట్టుకుపోయింది. ఆ అక్టోబరులో అడ్డతీగల ఠాణాకు వెళితే ఆయుధాలు దొరకలేదు. అంబు విరిగితే అడవిలో మరొకటి చెక్కుకోవచ్చు. తూటా అయిపోతే మళ్ళీ ఠాణా తలుపే గతి!

మేనల్లుడి త్రాసు విలువ నాకప్పుడు తెలిసింది.