మంచుకొండకు ఏ సంచి?

స్కీయింగుకు వీపుసంచి కొనేవారు మొదట లీటర్లు చూస్తారు, తరువాత రంగు. నా దృష్టిలో అడగవలసిన మొదటి ప్రశ్న వేరు: ఇందులోనుంచి పార ఎన్ని క్షణాల్లో చేతికి వస్తుంది?

కాశ్మీరులోని గుల్‌మర్గ్‌నే తీసుకోండి. 2023 ఫిబ్రవరి 1న అక్కడి అఫర్వత్ కొండపై మంచుచరియలు విరిగిపడి ఇద్దరు పోలండు స్కీయర్లు మరణించారు. మంచులో పూర్తిగా కూరుకుపోయినవారిని బ్రతికించుకోవడానికి తొలి 10, 15 నిమిషాలే కీలకం. ఆ వేళ రొట్టెలూ స్వెట్టరూ తీసి పడవేస్తూ పార వెదికే వ్యవధి ఉండదు. కనుక పారకూ, మంచులో గుచ్చి చూసే ప్రోబుకూ ప్రత్యేకమైన అర ఉన్నదే నిజమైన స్కీ సంచి. ఒక పగటికి 25, 30 లీటర్లు చాలు. పెద్దదైతే నింపాలనే బుద్ధి పుడుతుంది, ఆ బరువు ప్రతి మలుపులోనూ వెనక్కు లాగుతుంది. సంకేతాలు పంపే బీకన్ మాత్రం ఒంటిమీదే ఉండాలి, సంచి ఊడిపోవచ్చు.

ఎయిర్‌బ్యాగు ఉన్న సంచులు మేలైనవే, కాదనను. అయితే అది ప్రధానంగా మోసేవాడిని కాపాడుతుంది. మన సంచిలోని పార మనలను తవ్వి తీయదు, తోటివాడిని తీస్తుంది. జట్టుగా కొండనెక్కేవారు సంచిని ఎన్నుకోవలసింది ఆ తోటివాడి ప్రాణాన్ని తలచుకొని. మీరేమంటారు?