తల్లుల్ని అడిగిన డాక్టరమ్మ

‘కడుపుతో ఉన్నప్పుడు తినకూడనిదేమైనా తిన్నానా?’ బిడ్డకు బ్లడ్‌క్యాన్సర్ అని తెలిస్తే బోయిన్‌పల్లిలోనైనా బ్రిటన్‌లోనైనా తల్లి ముందు తననే నిందించుకుంటుంది. ఆ తల్లుల జ్ఞాపకాల్నే పరిశోధనకు ఆధారం చేసుకుంది ఆక్స్‌ఫర్డ్ డాక్టర్ ఆలిస్ స్టీవర్ట్.

1950ల్లో బ్రిటన్‌లో లుకేమియాతో చనిపోయే పిల్లల సంఖ్య పెరుగుతోంది. కారణం అంతుపట్టలేదు. ఆలిస్ ఓ ప్రశ్నల పట్టిక రాసింది. క్యాన్సర్‌తో పిల్లల్ని పోగొట్టుకున్న తల్లుల్నీ, ఆరోగ్యంగా ఉన్న పిల్లల తల్లుల్నీ అవే ప్రశ్నలు అడిగించింది. అసలు కిటుకంతా ఈ రెండోవాళ్లలోనే ఉంది. పోల్చి చూడ్డానికి వాళ్లు లేకపోతే ఏ జవాబుకీ అర్థం ఉండదు మరి! చేతిలో ఉన్నది 1000 పౌండ్లు. అదీ మన టాటాల సొమ్మే... 1931లో లుకేమియాతో కన్నుమూసిన భార్య మెహర్‌బాయి పేరిట దొరాబ్జీ టాటా పెట్టిన ట్రస్టు ఇచ్చింది.

1956లో గుట్టు బయటపడింది. తల్లి కడుపులో ఉండగా ఎక్స్‌రే సోకిన పిల్లలకు క్యాన్సర్ ముప్పు దాదాపు రెట్టింపు! వైద్యులు ఓపట్టాన నమ్మలేదు. ఏళ్ల తరబడి గర్భిణులకు ఎక్స్‌రేలు తీస్తూనే ఉన్నారు.

ఇప్పుడు గర్భిణులకు మామూలుగా చేసే స్కానింగ్‌లో వాడేది శబ్ద తరంగాలే, దానికి భయపడక్కర్లేదు. పరిశోధకుల అనుమానం ఈమధ్య ఇంట్లో కొట్టే పురుగుమందుల మీదికి మళ్లింది. లుకేమియాతో వాటికి సంబంధం ఉన్నట్టు కొన్ని అధ్యయనాల్లో కనిపించినా, అవే కారణమని ఇంకా తేలలేదు. అందుకే కాలిఫోర్నియాలో పరిశోధకులు జబ్బుపడ్డ పిల్లల ఇళ్లకీ, ఆరోగ్యంగా ఉన్న పిల్లల ఇళ్లకీ వెళ్లి వాక్యూమ్ క్లీనర్ సంచుల్లోని దుమ్మును పట్టుకెళ్లారు.